మూర్తిగారి గంగాళాలు

ఆ ఉదయం సీతారత్నం పెట్టుకున్న పని చాలా చిన్నది. నాలుగు చీరలు ఇస్త్రీ చేసుకోవాలి, చిన్న సూట్‌కేసులో సర్దుకోవాలి, మూత వేసి కాసేపు దాని వంక చూసుకోవాలి. అంతే. వచ్చే సోమవారం తెల్లవారుజామున కోనేరు సెంటర్ నుంచి యాత్రా బస్సు బయలుదేరుతుంది. కంచి, రామేశ్వరం, కన్యాకుమారి. బడిలో తోటి టీచర్లంతా వెళ్తున్నారు. ఆవిడకి కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

ఇందులో గొప్పేముంది అంటారేమో. పెళ్ళై బందరు వచ్చిన నాటి నుంచీ ఆవిడ వేసవి సెలవుల్లో ఊరు దాటలేదు, అదీ గొప్ప. టీచర్లకి సెలవులిచ్చేదీ వేసవిలోనే, కాలవలు కట్టేసేదీ వేసవిలోనే. కాలవ కట్టేశాక కుళాయి ఎప్పుడొస్తుందో ఎంతసేపు వస్తుందో దేవుడికి ఎరుక. పోనీ బోరు కొట్టుకుందామంటే, ఆ నీళ్ళు నోట్లో పోసుకుంటే సముద్రం ఎంత దగ్గరలో ఉందో తెలిసొస్తుంది. కాబట్టి ఇంటికొక మనిషి కుళాయిని కనిపెట్టుకుని ఉండాలి. ఆ ఇంట్లో ఆ మనిషి ఎప్పుడూ సీతారత్నమే. తోటివాళ్ళు ఊళ్ళు తిరిగొచ్చి ఫొటోలు చూపిస్తుంటే ఆవిడ చూసి, బాగున్నాయని చెప్పి, బిందె ఎత్తుకునేది.

భర్త గోపాలకృష్ణమూర్తి ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. మంచి మనిషి, ఆ మాట మొదటే చెప్పుకోవాలి, తరవాత చెప్పడానికి సందు దొరక్కపోవచ్చు. ఆయనకున్న జబ్బల్లా ముందుజాగ్రత్త. మనిషన్నవాడు ఒకరి మీద ఆధారపడకూడదన్నది ఆయన సిద్ధాంతం. తుఫాను వస్తే తేలడానికి లారీ ట్యూబులు కొన్నాడు, అవి అటక మీద బూజు పట్టి ఉన్నాయి. కర్ఫ్యూ పెడితే మంగలిషాపు తెరవరని క్షవరం సామాను కొని, తన తల మీదే నేర్చుకుని, మండే ఎండల్లో మఫ్లరు చుట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. ఆ సామాన్లన్నీ తుడిచిపెట్టేదీ సీతారత్నమే, ఆ తల సరిచేసిందీ సీతారత్నమే.

అటువంటివాడు యాత్ర మాట వినగానే, "నువ్వు నిశ్చింతగా వెళ్ళు రత్నం. నీళ్ళ సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. ఆవిడకి సంతోషం వెయ్యాల్సిన చోట గుండె దడదడలాడింది.

ఆ దడకి కారణం ఇప్పుడు, మొదటి చీర ఇస్త్రీ అవుతుండగా, తోపుడుబండి మీద వీధిలోకి వచ్చింది. పెద్ద పెద్ద గంగాళాలు, వాటిలో ఇమిడ్చిన గుండిగలు, మూతలు, జల్లిగరిటెలు, అన్నం వార్చే బుట్టలు. పెళ్ళిళ్ళకి వంటపాత్రలు అద్దెకిచ్చే కొట్టునుంచి బండి ఊరంతా గణగణ మోగించుకుంటూ వచ్చి వాళ్ళ గుమ్మం ముందు ఆగింది. కాలవ కట్టేసేలోగా వీటినిండా మంచినీళ్ళు పట్టి మూతలు పెట్టేస్తే, ఆవిడ తిరిగొచ్చేదాకా కుళాయితో పని లేదట. మరి గరిటెలెందుకండీ అని అడిగితే, కొట్టువాడు విడిగా ఇవ్వడు, సెట్టు అన్నాడు మూర్తిగారు. నీళ్ళు నిలవ పెడితే పాత్రలు చిలుం పడతాయని వాడు ససేమిరా ఇవ్వడని, ఏదో శుభకార్యమని చెప్పి తెచ్చాడట.

ఎదురింటి వీరలక్ష్మి అప్పటికే గుమ్మంలో ఉంది. బండి చప్పుడైతే బయటికి రాకుండా ఉండే మనిషి కాదు. విశేషమేమిటి అన్నయ్యగారూ అని అడిగింది. మూర్తిగారికి అసలు సంగతి చెప్పడానికి ప్రాణం ఒప్పలేదు. నీళ్ళని తెలిస్తే ఇంకేమన్నా ఉందా, కాలవ కట్టిన మర్నాటి నుంచి వీధంతా బిందెలతో ఆయన గుమ్మం ముందే ఉంటుంది.

"అబ్బే, ఏం లేదమ్మా. చిన్న కార్యక్రమం. ఇంట్లో వాళ్ళమే" అన్నాడు, మొహం ఎర్రబడుతుండగా.

ఎప్పుడని అడిగింది. ఆదివారం అని నోటికొచ్చింది. అబద్ధానికి కూడా సెలవురోజు చూసుకునే ఉద్యోగి ఆయన.

ఇంట్లోవాళ్ళకి అన్ని గుండిగలెందుకో ఆలోచించకుండా వీరలక్ష్మి నిద్రపోలేదు. పెళ్ళి అనుకుందామంటే ఉన్నది ఒక్క కొడుకు, శశిధర్, విశాఖపట్నంలో ఇంకా చదువుకుంటున్నాడు. గృహప్రవేశం అనుకుందామంటే ఇల్లు పాతది. మిగిలింది ఒక్కటే, షష్టిపూర్తి. మూర్తిగారికి యాభై ఆరే కదా అని వీధిలో ఎవరో అనబోతే ఆవిడ నవ్విందట. ఆ తరంవాళ్ళని బడిలో వేసేటప్పుడు మేష్టారు తోచిన పుట్టినరోజు రాసేవారు. ప్రతి మగాడికీ రెండు వయసులుంటాయి, ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి. అసలు వయసు బయటపడితే ఉద్యోగం ఊడుతుంది గనక చప్పుడు చెయ్యకుండా చేసుకుంటున్నారు. అందుకే ఆ తడబాటు, అందుకే ఆ ఎర్రబడడం. వీధిలో అందరికీ అన్నీ అతికినట్టు సరిపోయాయి. మూర్తిగారికి మాత్రం రెండు వయసులూ ఒకటే, అచ్చంగా యాభై ఆరు. అలాంటి మనుషులు కూడా ఉంటారని ఎవరికీ తట్టలేదు.

మర్నాడు వీరలక్ష్మి సీతారత్నాన్ని గేటు దగ్గర ఆపి, గొంతు తగ్గించి, మాకు చెప్పలేదని ఏమీ అనుకోవట్లేదు, ఉద్యోగం సంగతి కదా, మా నోటెంట బయటికి రాదు అని చెయ్యి పట్టుకుంది. సీతారత్నానికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఆయనకి అరవై అంటే ఎవరూ నమ్మరు వదినగారూ. మీరు కూడా అసలు అలా కనిపించరు" అంది వీరలక్ష్మి, మెచ్చుకోలుగా.

నలభై ఎనిమిదేళ్ళ సీతారత్నం లోపలికి వచ్చి కాసేపు అద్దం ముందు నిలబడింది. తరవాత భర్త దగ్గరికి వెళ్ళి, ఉన్నమాట చెప్పేయండి, నాలుగు బిందెలు పోతే పోతాయి అంది. ఆయన వినలేదు. ఆదివారం ఏమీ జరగకపోతే వాళ్ళే మర్చిపోతారన్నాడు. వాదించడానికి ఆవిడకి ఓపిక లేదు. పెళ్ళైన కొత్తలో ఉండేది, వాడేసుకుంది.

నిజం చెప్పుకోవాలంటే నీళ్ళ ఏర్పాటు మాత్రం బాగా చేశాడు. నాలుగు పొద్దులు తలుపులు బిడాయించి, కుళాయికి గొట్టం తగిలించి, ఒక్కో పాత్రా నింపాడు. నీళ్ళు తేరడానికి ఇండుపగింజ అరగదీసి వేశాడు. మూతల కింద తెల్లటి గుడ్డలు కట్టాడు. శుక్రవారం కాలవ కట్టేసేసరికి పడమటి గదినిండా నీళ్ళు అద్దంలా తేటగా నిలిచి ఉన్నాయి. సీతారత్నం ఒక మూత తీసి, వేలు ముంచి చూసి, పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన ముందుజాగ్రత్తని మనసులో మెచ్చుకుంది. నేను నిజంగానే వెళ్తున్నాను అనుకుంది. ఆ రాత్రి సూట్‌కేసుకి తాళం వేసింది.

ఆ వీధికి ఫోను ఒక్కటే, వీరలక్ష్మి ఇంట్లో ఉంది. అందరూ ఆ నంబరే చుట్టాలకిచ్చారు. అదే శుక్రవారం సీతారత్నం అన్నగారు గోవర్ధనరావు గుడివాడ నుంచి చెల్లెలికి యాత్ర జాగ్రత్తలు చెబుదామని ఫోను చేశాడు. వీరలక్ష్మి ఎవరితోనూ అననని మాటిచ్చింది నిజమే. కానీ పుట్టింటివాళ్ళకి తెలియకుండా ఎందుకుంటుంది? మీరు ఆదివారం పొద్దున్నకే వచ్చేస్తారా అని అడిగింది.

వాళ్ళు శనివారం సాయంత్రమే దిగారు. గోవర్ధనరావు చేతిలో పళ్ళబుట్ట, ఆయన భార్య సులోచన చేతిలో పట్టుబట్టల పెట్టె, ఇద్దరి మొహాలూ ఇంతేసి ఉబ్బి ఉన్నాయి. కాఫీ ఇస్తే ముట్టుకోలేదు.

"మేం చచ్చిపోయామనుకున్నారా బావగారూ? పుట్టింటి బట్టలు పెట్టకుండా ఎక్కడన్నా షష్టిపూర్తి చేసుకుంటారా?" అన్నాడు గోవర్ధనరావు. ఆయనకి ఉన్నది ఒక్క చెల్లెలు.

ఇంక దాచి లాభం లేదని మూర్తిగారు ఉన్నమాట చెప్పేశాడు. షష్టిపూర్తీ లేదు గిష్టిపూర్తీ లేదు, తన వయసు యాభై ఆరే, గుండిగలు నీళ్ళకోసం తెచ్చినవని చెప్పి, పడమటి గదిలోకి తీసుకెళ్ళి మూతలన్నీ తీసి చూపించాడు. గోవర్ధనరావు ఒక్కొక్క పాత్రలోకీ తొంగిచూశాడు. గరిటెలు చూశాడు, జల్లిగరిటెలు చూశాడు, అన్నం వార్చే బుట్టలు చూశాడు. తరవాత కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"వంటకి నీళ్ళు కూడా పట్టి ఉంచారు. ఇంత ఏర్పాటు చేసి, మాకొక్కళ్ళకే చెప్పలేదు."

వయసు సంగతి అయితే ఆయన అసలు వినిపించుకోలేదు. పెళ్ళిచూపులప్పుడే నాలుగేళ్ళు తగ్గించి చెప్పారని తనకి అనుమానమట, మర్యాదకి ఇన్నాళ్ళూ అడగలేదట. సీతారత్నం అన్నయ్యకి చెప్పబోయింది. ఏడుస్తున్న మనిషికి లెక్కలు చెప్పడం ఎలాగో తోచక ఊరుకుంది. సులోచన మాత్రం పెట్టె తెరిచి ఆకుపచ్చ పట్టుచీర ఆవిడ ఒళ్ళో పెట్టి, ఎండకి వచ్చాం వదినా, కాస్త స్నానాలు చేస్తాం అంది. ఒక గంగాళం ఆ సాయంత్రమే సగమైంది.

ఆదివారం పొద్దున వంట నూకరాజు తన మనుషుల్ని వెంటబెట్టుకుని దొడ్డివైపు దిగాడు. ఎవరు పిలిచారంటే, ఎవరూ పిలవలేదు. ఆ కొట్టునుంచి పాత్రలు వెళ్ళిన ఇంటికి వంట తనదేనట, ఊళ్ళో అందరికీ తెలిసిందే. మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకునేలోపు గోవర్ధనరావు మార్కెట్ నుంచి రిక్షానిండా కూరగాయలతో వచ్చాడు. చెల్లెలి శుభకార్యానికి ఖర్చు తనదే అని పంతం పట్టాడు. వెనకాలే వీధిలో ఆడవాళ్ళు కత్తిపీటలు పట్టుకుని వచ్చి హాల్లో కూర్చుండిపోయారు. అంత ప్రేమగా వచ్చినవాళ్ళని వెళ్ళిపొమ్మని ఏ నోటితో అనగలం? సీతారత్నం వంకాయల పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

నూకరాజు పడమటి గదిలోకి వెళ్ళి, మూతలు తీసి, తల గోక్కుంటూ బయటికి వచ్చాడు.

"వీటినిండా నీళ్ళు పోసేశారేంటండీ? ఇంక వంట దేంట్లో చెయ్యమంటారు?"

మూర్తిగారు వెళ్ళి ఆ గది తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. చేటంత మొహం చేసుకుని లేచింది వీరలక్ష్మే. నీళ్ళు పారబొయ్యకండి, కాలవ కట్టేశారు, పాపం తగులుతుంది అని గబగబా ఇంటికెళ్ళి బిందెలు తెచ్చింది. అది చూసి మిగతావాళ్ళు కూడా కత్తిపీటలు పక్కనపెట్టి లేచారు. బిందెలొచ్చాయి, బకెట్లొచ్చాయి, పక్కవీధి నుంచి ఎవరిదో డ్రమ్ము దొర్లుకుంటూ వచ్చింది. గుండిగలు ఖాళీ చెయ్యడానికి ఆ వీధి చేసిన సాయం అంతా ఇంతా కాదు. తలుపులు బిడాయించి నాలుగు పొద్దులు పట్టిన నీళ్ళు మూర్తిగారి కళ్ళ ముందే గుమ్మం దాటుతుంటే, ఆయన తలుపు పక్కకి జరిగి అందరికీ దారి ఇచ్చాడు. ఇంకేం చేస్తాడు పాపం. మిగిలిన నీళ్ళు అన్నంలోకీ సాంబారులోకీ వెళ్ళాయి.

షష్టిపూర్తి కబురు ఆఫీసుదాకా పాకినట్టుంది, అప్పుడు మూర్తిగారి సూపరింటెండెంటు దేవసహాయంగారు నలుగురిని వెంటబెట్టుకుని గులాబీదండతో వచ్చాడు. మూర్తిగారిని పక్కకి పిలిచి, స్టాఫు తరఫున వచ్చాననీ, అయినా తను ఇక్కడికి వచ్చినట్టూ చూసినట్టూ ఎక్కడా అననీ, నిదానంగా చెప్పాడు.

"నాకు యాభై ఆరే సార్. నా తోడు" అన్నాడు మూర్తిగారు.

"అవునండీ, ఎవరు కాదన్నారు? రికార్డులో అలాగే ఉంది" అన్నాడు దేవసహాయం, భుజం తట్టి.

ఆ భుజం తట్టడంతో మూర్తిగారికి ఉద్యోగం కళ్ళముందు మెదిలింది. హాల్లోకి వచ్చి, గొంతు పెంచి, ఇది సత్యనారాయణ వ్రతమనీ, వ్రతం తప్ప మరేమీ కాదనీ అందరికీ వినపడేలా చెప్పాడు. అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, అలాగే అలాగే అని తలలూపారు. పురోహితుణ్ణి అప్పటికప్పుడు సైకిలు మీద తీసుకొచ్చారు. గోవర్ధనరావు ఒత్తిడి మీద ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని సీతారత్నం పీటల మీద కూర్చుంది. కథ వింటున్నంతసేపూ ఆవిడ చూపు గోడవారన ఉన్న సూట్‌కేసు మీదే ఉంది. వ్రతం అయ్యాక ఆఖరి పంక్తి లేచేసరికి సాయంత్రమైంది. అందరూ కడుపారా తిన్నారు, ఆఖరి గంగాళంలోంచి చేతులు కడుక్కున్నారు, వందేళ్ళు బతకమని దీవించి వెళ్ళారు.

కొట్టువాడు కబురు పెట్టకుండానే బండి పంపించాడు. కార్యక్రమం అయిపోయింది కదా, రేపు మరో చోట పెళ్ళి ఉందట. ఖాళీ గుండిగలు గణగణమంటూ వెళ్ళిపోయాయి. మూర్తిగారు అరుగు మీద కూలబడ్డాడు. మెడలో గులాబీదండ తియ్యడం కూడా మర్చిపోయాడు.

గోవర్ధనరావుకి మాత్రం ఉత్సాహం పొంగుకొచ్చింది. ఇన్నాళ్ళకి చెల్లెలింట్లో ఒక శుభకార్యం తన చేతులమీదుగా జరిపించాడు. ఎలాగూ సెలవులే, ఒక వారం ఉండి వెళ్తాం అన్నాడు. సీత యాత్రకి వచ్చే ఏడు వెళ్తుందిలే, ఇంటినిండా చుట్టాలని పెట్టుకుని ఇప్పుడెక్కడికి వెళ్తుంది అని కూడా తనే తీర్మానించేశాడు. సులోచన అవునంది. వీరలక్ష్మి గుమ్మంలోంచి అవునంది. మూర్తిగారు తలెత్తి చూశాడు. ఆయన కళ్ళలో నిజంగానే బాధ ఉంది, అది ఆవిడకి కనిపించింది కూడా.

"ఈ పరిస్థితిలో ఎలా వెళ్తావు రత్నం?" అన్నాడు.

సీతారత్నం స్తంభానికి ఆనుకుని నిలబడింది. తనకి ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. కోపమొస్తుందనుకుంది, అదీ రాలేదు. ఒళ్ళంతా అలసట, అంతే, ఈ ఒక్కరోజుది కాదు. ప్రతి ఏడూ ఇదే అరుగు మీద ఇలాగే ఎవరో ఒకరు వచ్చే ఏడు అన్నారు, తను సరే అంది, ఎందుకంటే నీళ్ళున్నాయి, పట్టాలి, దాచాలి, చూసుకోవాలి. ఆవిడ పడమటి గదిలోకి తొంగిచూసింది. గచ్చు మీద గుండిగలుంచిన చోట గుండ్రటి తడి మరకలున్నాయి. చూస్తుండగానే ఆరిపోతున్నాయి.

"ఇంట్లో చుక్క నీళ్ళు లేవు కదండీ. ఇంక నేనుండి చేసేదేముంది?" అంది.

గోవర్ధనరావు కంగారుపడి, మరి మా సంగతో అన్నాడు.

"ఆయనున్నారుగా అన్నయ్యా. ఆయనకి అన్నీ వచ్చు. ఎవరి మీదా ఆధారపడరు" అని సీతారత్నం సూట్‌కేసు తీసుకుని గుమ్మం దగ్గర పెట్టుకుంది. తెల్లవారుజామున బస్సెక్కింది. కిటికీ పక్కనే కూర్చుంది. బస్సు ఊరు దాటకముందే నిద్రపోయింది, చూడాల్సినవన్నీ వదిలేసి మధ్యాహ్నందాకా అలాగే నిద్రపోయింది, తోటి టీచర్లెవరూ లేపలేదు.

కంచిలోనూ రామేశ్వరంలోనూ ఇల్లు గుర్తొచ్చినా ఫోను చెయ్యడానికి చెయ్యి రాలేదు. కన్యాకుమారిలో మాత్రం ఒడ్డున ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి వెళ్ళి వీరలక్ష్మి నంబరు కలిపింది. కాస్త మూర్తిగారిని పిలుస్తారా, నేను మళ్ళీ చేస్తాను అంది.

"మళ్ళీ ఎందుకు వదినగారూ, అన్నయ్యగారు ఇక్కడే ఉన్నారు" అంది వీరలక్ష్మి. "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తారు. ఆయనకి రెండు బిందెలిస్తున్నాం. నాలుగు అడుగుతున్నారు గానీ, మాకూ ముందుజాగ్రత్త ఉండాలి కదండీ."

మూర్తిగారు ఫోను అందుకున్నాడు. రొప్పుతున్నాడు, బిందె ఇంకా భుజం మీదే ఉన్నట్టుంది. అందరూ బాగున్నారన్నాడు. బావగారు ఇంకో నాలుగు రోజులు ఉంటానంటున్నారన్నాడు. తరవాత మెల్లగా, అక్కడ ఎలా ఉంది రత్నం అని అడిగాడు.

సీతారత్నం బూత్ అద్దంలోంచి బయటికి చూసింది.

"ఎటు చూసినా నీళ్ళేనండీ" అంది. "కాపలా ఎవరూ లేరు."